ప్రభువు బల్ల నాడు బండ మీది మరకలు

దేవా, నీకు స్తోత్రం. ఈ బొగ్గు దుమ్ములో మా ఊపిరి నిలిపిన నీ కృపకు స్తోత్రం.

గోదావరిఖనిలో మా మందిరం ముందు షాబాదు బండలు పరిచి ఉంటాయి. వానలు పడితే వాటి మీద నల్లటి పాచి పట్టి కాలు నిలవదు. ఆ ఏడు పాచిలో ఎర్రటి మరకలు కూడా కనిపించాయి. తంబాకు ఉమ్మి అన్నారు. బాప్తిస్మం తీసుకునేదాకా మా అమ్మ తంబాకు నమిలేది. ఆ సంగతి ఎవరూ మరిచిపోలేదు.

నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, యేసు పేరున రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన. ఆ రొట్టె కోసం అమ్మ ముందురోజు నుంచే ఉపవాసం ఉండేది. బల్లకు ఎవరు రావచ్చో చెప్పేది సంఘపెద్ద. గనిలో కూలీల మీద పెత్తనం ఉండే ఓవర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఆ ఉదయం అమ్మను గుమ్మంలోనే ఆపాడు.

"ఏం చెల్లె, దేవుని వాకిట్ల ఉమ్మినవా?"

"లేదన్నా. మానేసి ఎన్నేండ్లాయె."

"అయితే బండలే నమిలినయా తంబాకు?"

అందరూ నవ్వారు.

"మరక పోయేదాక కడుగు. అప్పుడు రా బల్లకు."

లోపల పాట మొదలైంది. నేను నీళ్లు మోశాను, అమ్మ కొబ్బరి పీచుతో, ఇసుకతో రుద్దింది. పాచి పోయింది. శుభ్రమైన బండ మీద ఎర్రటి మరకలు నాలుగు మూలలా తేలాయి. పోయిన వానాకాలమంతా అక్కడే సంఘపెద్ద ఇచ్చిన ఇనుప బెంచీ తడిసింది. అది తుప్పు.

"అన్నా, గివి నీ బెంచీ కాళ్ల మరకలు గాదా?" అమ్మ గుమ్మం వైపు పిలిచి అడిగింది.

సంఘపెద్ద వచ్చి చూశాడు. అర్థమైందని మొహమే చెప్పింది. బాత్‌రూములు కడిగే యాసిడ్ సీసా తెచ్చి బండ మీద ఒంపాడు.

"తుప్పో, ఉమ్మో, పోవాలె. జల్ది రుద్దు."

బండ బుసబుసా పొంగింది. వేళ్లు మండుతున్నా అమ్మ రుద్దింది. నురగ తగ్గేసరికి బండ నునుపంతా పోయి గరుకు తేలింది. ఎరుపు పసుపై ఇంకా చుట్టూ పాకింది.

అప్పటికే బల్ల ముగిసి లోపల గిన్నెలు కడుగుతున్నారు. సంఘపెద్ద మూతి తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"వచ్చే నెల జూద్దాం చెల్లె."

ఆ మరక పోలేదు. ప్రతి వానకూ పాచి ముందుగా పట్టేది ఆ గరుకు బండకే. ఇప్పటికీ బల్ల నాడు అమ్మ ఉపవాసంతో వచ్చి, ఆ బండ పక్కనే కూర్చుని లోపలి పాట వింటుంది.

చదువుతున్న మీరూ నాతో కలిసి ప్రార్థించండి: తండ్రీ, మా అమ్మకు ఆ రొట్టె నీ చేత్తోనే పెట్టు. ఆ పెద్దను కూడా ఒకనాడు నీ గుమ్మంలో ఆపి, బెంచీ ఎవరిదని అడుగు. ఆమేన్.