మూడో గోల్‌కీపర్

ఆ శీతాకాలం నాకు ఇరవై మూడేళ్లు. ఆక్లండ్‌లో ఒక చిన్న క్లబ్బుకు గోల్‌కీపర్‌గా ఆడుతూ, వారమంతా ఒక గోడౌన్‌లో పనిచేసేవాణ్ణి. ఒకరోజు మధ్యాహ్నం ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు నుంచి ఫోన్ వచ్చింది. సీజన్‌కు ముందు జరిగే శిక్షణ శిబిరానికి రెండు వారాలు రమ్మన్నారు. మొదటి గోల్‌కీపర్, రెండో గోల్‌కీపర్ ఖాయమైపోయారు. మూడో స్థానం ఒక్కటే ఖాళీ. దానికి నన్నూ ఇంకొకతన్నీ చూసి ఒకర్ని తీసుకుంటారట.

మూడో గోల్‌కీపర్ అంటే ఏమిటో నాన్నకు చెప్పడం కష్టమైంది. ముందున్న ఇద్దరిలో ఎవరికైనా ఏదైనా అయితే తప్ప అతని అవసరం రాదు. వారమంతా ప్రాక్టీసులో బంతులు ఆపి, మ్యాచ్ రోజు ప్రేక్షకుల మధ్య కూర్చుంటాడు. ఫ్లాట్ బుష్‌లోని మా ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు డ్రైవ్ చేస్తూ నాన్న అంతా విన్నాడు.

"ఒక్క మ్యాచ్ గూడ ఆడనియ్యరు. దానికి మళ్ల పోటీ గూడ పెడుతున్నరా?" అన్నాడు.

ఎగతాళి చేయలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు.

శిబిరం సముద్రం పక్కన ఒక చిన్న ఊళ్లో. జట్టంతా మోటెల్లో దిగింది. నన్నూ, నాతో పోటీ పడాల్సిన అతన్నీ ఒకే గదిలో వేశారు. అతనిది క్రైస్ట్‌చర్చ్. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఎలక్ట్రీషియన్ పనికి సెలవు పెట్టి వచ్చాడు. భార్యకు ఏడో నెల. మొదటి రోజే, బట్టలు సర్దుకుంటూ, ఇది రాకపోతే ఇక ఆట మానేస్తానని చెప్పాడు. నన్ను బెదిరించడానికి కాదు, గదిలో ఇంకెవరూ లేరు కాబట్టి చెప్పాడు.

భోజనాల గది గోడకు అతికించిన జాబితాలో అందరి పేర్లూ ఉన్నాయి. మా ఇద్దరికి మాత్రం ట్రయలిస్ట్ ఒకటి, ట్రయలిస్ట్ రెండు అని, అంటే పరీక్షించి చూడ్డానికి పిలిచినవాళ్లమని, రాశారు. ఎవరూ మమ్మల్ని చిన్నచూపు చూడలేదు. పలకరించేవారు, ఉప్పు అందించేవారు. కానీ మూడో రోజుకల్లా ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో కుదిరిపోయింది. చివరి బల్ల దగ్గర మేమిద్దరం మిగిలాం. నా పేరు పలకడం రాక అందరూ మేట్ అనేవారు. రోజుకొకసారి అమ్మ ఫోన్ చేసి తిన్నావా, చలిగా ఉందా అని అడిగేది. ఆ రెండు నిమిషాలే నా నోట్లోంచి తెలుగు మాట వచ్చేది. బాగానే ఉన్నానని చెప్పి పెట్టేసేవాణ్ణి.

మిగతా ఆటగాళ్లందరూ మైదానంలో గుంపుగా పరుగెత్తుతుంటే గోల్‌కీపర్లం నలుగురం ఒక మూలన ఉండేవాళ్లం. మొదటి ఇద్దరూ ఒక జత, మేమిద్దరం ఒక జత. అతను నాకు బంతులు కొట్టాలి, నేను అతనికి కొట్టాలి. అతను కొట్టే బంతులు గట్టిగా, సరైన చోటికి వచ్చేవి. వాటిని ఆపితే చూసేవాళ్లకు నేను మంచి గోల్‌కీపర్‌లా కనిపించేవాణ్ణి. నాలుగో రోజు నేను చేస్తున్నది నాకే తెలిసింది. గోల్‌కీపింగ్ కోచ్ మా వైపు తిరిగినప్పుడల్లా బంతిని అతని ఎడమవైపు, నేలబారుగా కొడుతున్నాను. అతను తడబడేది అక్కడే. అతనూ గమనించాడు. బంతి వెనక్కి విసురుతూ, "ఎడమవైపే ఇంకో పది కొట్టు. నాకు అక్కడే అలవాటు కావాలి," అన్నాడు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

తొమ్మిదో రోజు వానలో డైవ్ చేసినప్పుడు అతని కుడిచేతి ఉంగరపు వేలు వెనక్కి వంగింది. ఎవరూ చూడలేదు, నేను తప్ప. గదికి వచ్చి గ్లోవ్ తీస్తే వేలు నల్లగా కమిలి, రెండింతలైంది. ఫిజియోకు చూపించమన్నాను. చూపిస్తే సాయంత్రానికల్లా ఇంటికి పంపేస్తారన్నాడు. మందుల షాపు నుంచి తెల్ల టేప్ కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ వేలిని పక్కవేలితో కలిపి నేనే చుట్టాను. అతను గోడవైపు చూస్తూ పళ్లు బిగబట్టాడు.

మర్నాడు ప్రాక్టీసుకు ముందు కోచ్ నన్ను పక్కకు పిలిచాడు.

"అతని చెయ్యి బాగానే ఉందా?"

"బాగానే ఉంది," అన్నాను.

స్నేహం కొద్దీ అలా అన్నానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. నిజం అది కాదు. రెండు రోజుల్లో స్థానిక జట్టుతో ప్రాక్టీస్ మ్యాచ్ ఉంది, మేమిద్దరం చెరో సగం ఆడాలి. ఆ చేత్తో అందరి ముందు బంతి జారవిడుస్తాడనీ, ఎవరూ చెప్పకుండానే అతని సంగతి తేలిపోతుందనీ అనుకున్నాను.

అతను జారవిడవలేదు. మొదటి సగంలో ఒక బంతి గోల్ పైమూలలోకి దూసుకొస్తే, ఆ చేత్తోనే పైకి తోసేశాడు. జట్టంతా చప్పట్లు కొట్టింది. అతను వెనక్కి తిరిగి ఆ చేతిని చంకలో అదుముకోవడం నాకు కనిపించింది. రెండో సగంలో నేను ఆడాను. తడి బంతి నా చేతుల మధ్య నుంచి జారి గోల్ అయింది. మర్నాడు టిఫిన్ తర్వాత కోచ్ ఇద్దర్నీ పిలిచి మర్యాదగా చెప్పాడు. స్థానం అతనిది. నా బ్యాగు వ్యాన్ దాకా అతనే మోసుకొచ్చాడు. "వేలి సంగతి నువ్వు ఎవరికీ చెప్పలేదు. మరచిపోను," అన్నాడు. నేను అతని కళ్లలోకి చూడలేకపోయాను.

ఇంటికొచ్చి మళ్లీ గోడౌన్‌లో చేరాను. వారం తిరగ్గానే జట్టు నుంచి ఫోన్ వచ్చింది. కాంట్రాక్టుకు ముందు వైద్యపరీక్ష చేస్తే అతని వేలు రెండు చోట్ల విరిగిందని తేలిందట. ఆ వేలితోనే ఆడటంతో ఇంకా పాడైందట. ఆపరేషన్ కావాలి, నెలల తరబడి ఆడలేడు. రేపు రాగలవా అని వాళ్లు పూర్తిగా అడగకముందే వస్తానన్నాను. ఆ సాయంత్రం నాన్న శాండ్రింగ్‌హామ్‌లోని ఇండియన్ షాపులో సరుకులు కొంటూ షాపు అంకుల్‌కు కూడా చెప్పేశాడట.

నేను అతనికి ఒక మెసేజ్ రాసి చెరిపేసి, మళ్లీ రాసి, చివరికి చెయ్యి ఎలా ఉందని మాత్రం పంపాను. నయమవుతోంది, బాగా ఆడు అని జవాబిచ్చాడు.

ఆ సీజన్‌లో నేను ఒక్క నిమిషం కూడా ఆడలేదు. జట్టు బయటి ఊళ్లకు వెళ్లినప్పుడు కోచ్‌తో సహా అందరూ విమానమెక్కేవారు. నేను మిగిలిపోయేవాణ్ణి. గాలికి జెండాకర్రలు కొట్టుకుంటున్న ఖాళీ మైదానానికి వెళ్లి, బంతిని గోడకు తన్ని, తిరిగొచ్చిన దాన్ని పట్టుకునేవాణ్ణి. గోడ ఎప్పుడూ ఒకేలా తిరిగి కొడుతుంది. జట్టు ఇచ్చిన ఫ్లాట్‌లో టీవీ పెట్టుకుని మా జట్టు మ్యాచ్ ఒక్కణ్ణే చూసేవాణ్ణి. అమ్మ ఫోన్ చేసి, "ఇయ్యాల నువ్వు కనబడలె టీవీల?" అని అడిగేది. ఏడాది చివర కాంట్రాక్టు పొడిగించలేదు. నాకు పెద్దగా బాధ కలగలేదు. ఆ సంగతే నన్ను భయపెట్టింది.

రెండేళ్ల తర్వాత ఉద్యోగం పని మీద క్రైస్ట్‌చర్చ్ వెళ్లాను. అతనికి ఫోన్ చేస్తే రిక్కార్టన్‌లో ఒక పార్కుకు రమ్మన్నాడు. కూతురు గడ్డి మీద పరుగెడుతోంది. అతను మళ్లీ ఒక చిన్న క్లబ్బుకు ఆడుతున్నాడు. వేలు కొంచెం వంకరగా అతుక్కుంది. కాఫీ సగం తాగాక, కోచ్ అడిగినప్పుడు నేనెందుకు నిజం దాచానో చెప్పేశాను. అతను కప్పు బెంచీ మీద పెట్టాడు.

"నీ చోట నేనుంటే చెప్పేసేవాణ్ణి," అన్నాడు. "ఆ రోజుల్లో నాకు అంత అవసరం. నువ్వు ఎలా ఊరుకున్నావా అని చాలాసార్లు అనుకున్నా."

కోపంగా అనలేదు, నవ్వుతూనూ అనలేదు. పాప చెప్పు ఊడిపోయిందని పిలిస్తే లేచి వెళ్లాడు. గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని చెప్పు తొడుగుతుంటే, పాప అతని తల పట్టుకుని నిలబడింది. నేను బెంచీ మీదే కూర్చుని, చల్లారిపోయిన కాఫీ తాగాను.