బదులు రాని పెళ్లిపాట

2022 వేసవి. జైనూర్ దగ్గర ఒక గోండు గూడెంలో పెళ్లిపాటల మీద పనిచేస్తున్నాను. ఊళ్లో ఉండి, వాళ్లతో తిని, అడిగి, వినే మా పనిని ఫీల్డ్‌వర్క్ అంటారు. కరీంనగర్‌లో మా బాపుది బట్టల దుకాణం. కొనవచ్చిన గిరాకీ నోటి నుంచి మాట రాబట్టడం నాకు అక్కడే వచ్చింది. యూనివర్సిటీ దానికి ఇంగ్లిషు పేరు పెట్టి డాక్టరేట్ ఇచ్చింది.

నా ఇన్‌ఫార్మెంట్, అంటే సంగతులు చెప్పే మనిషి, భీంబాయి. పెళ్లిలో రెండు వైపుల ఆడవాళ్లు ఒకరినొకరు ఎత్తిపొడుస్తూ పాడే గోండి పాటలు ఆమెకు కొల్లలుగా వచ్చు. ఇరువైపులవీ తానే పాడి రికార్డు చేయించింది. మనవరాలి పెళ్లిలో పాడాలన్నది ఆమె కోరిక.

పెళ్లినాడు డీజే అదరగొడుతోంది. డీజే నడిపే అబ్బాయితో నేనే బేరానికి దిగాను.

"అన్నా, జర ఆపు. అవ్వ పాడుతది."

"పోరగాండ్లు నన్ను కొడ్తరు మేడం. ఒక్క పాట."

"నాలుగు."

"రెండు. గంతే."

ఒకటి చాలనుకుని వచ్చినదాన్ని, రెండు దొరికాయని మురిసిపోయాను.

భీంబాయి లేచి, వియ్యపురాలి వంట మీద, పెళ్లికొడుకు మీసాల మీద పాట విసిరింది. ఆగి చూసింది. అవతలి ఆడవాళ్లు ఫోన్లెత్తి వీడియో తీస్తున్నారు. మళ్లీ అదే పాట ఎత్తుకుంది. బదులు లేదు, వాళ్లలో ఎవరికీ ఆ పాటలు రావు. బదులొస్తే సరసం, రాకుంటే అది ఉత్త తిట్టు. వియ్యపురాలి మొహం ముడుచుకుంది.

"ఇగ కూసో అవ్వా, మా అత్త మొఖం జూడు" అంది మనవరాలు.

భీంబాయి రికార్డర్ పట్టుకున్న నా వైపు తిరిగింది. "వాళ్ల పాటలన్నీ నీ డబ్బల ఉన్నయి గద బిడ్డా. నువ్వన్న బదులియ్యరాదు?"

ఆ పాటల మీద గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలను. ఒక్క చరణం నోటికి రాలేదు. డీజే మళ్లీ మొదలైంది. బేరమాడి తెచ్చిన రెండో పాట అట్లాగే మిగిలిపోయింది.

డీజే వల్లనే పాట పోతోందని రాసుకున్న వాక్యాన్ని తర్వాత కొట్టేశాను. ఎదురు ధర చెప్పకుండా గిరాకీ లేచిపోతే బాపు ఆ పూటంతా దిగులుగా ఉండేవాడు. అది తెలిసి కూడా నేను పాటకు చోటు అడిగాను గానీ, అవతల బదులిచ్చే మనిషి ఉందా అని చూసుకోలేదు.

ఇప్పటికీ పోతుంటాను. భీంబాయి చాయ్ పోస్తుంది, ముచ్చట్లు చెబుతుంది. పాడమంటే మాత్రం, "నువ్వు షురూ జెయ్యి, నేను బదులిస్త" అంటుంది. రికార్డర్ ఆపి గొంతు సవరించుకుంటాను. మొదటి ముక్క దగ్గరే తప్పిపోతాను. ఆమె ఓపికగా ఎదురుచూస్తుంది.