ఇంగ్లీషువాళ్లకి మేమిచ్చిన పందికొక్కు

నేను అక్షరాలు నేర్చుకున్నది ముప్ఫై ఆరో ఏట. నేర్పినవారు మా ఆయనే. రాయపూరు గూడ్సాఫీసులో గుమాస్తా. సాయంత్రం రైల్వే క్వార్టరు గడప మీద కూర్చోబెట్టి, చేతికి పలక ఇచ్చేవారు. ఒత్తులు కుదిరిన రోజున, "నీకు నచ్చిన మాట ఒకటి సొంతంగా రాయి" అన్నారు. మరొకరైతే దేవుడి పేరు రాసేవారు. నేను పందికొక్కు అని రాశాను.

అప్పట్లో నా బుర్రలో మరేమీ లేదు. ఆ జంతువు వంటింటి గోడ కింద నుంచి తవ్వుకుంటూ బియ్యం బస్తా దాకా వచ్చింది. వంటింటిని ఆనుకున్న గదిలోనే మా అమ్మాయికి పురుడు పొయ్యాలి. తొలి కాన్పు. ఇంకో పన్నెండు రోజుల్లో అత్తారింటి నుంచి వస్తోంది. పసిగుడ్డు దగ్గర పాలవాసనకి పందికొక్కులు వచ్చి వేళ్లు కొరుకుతాయని మా విజయనగరం వైపు చెప్పుకునేవారు. మాది మట్టినేల. రైల్వేవాళ్లు సిమెంటు వేస్తే తప్ప నాకు ధైర్యం లేదు.

మా ఆయన పలక చూసి నవ్వారు. "దీన్నే ఇంగ్లీషులో బ్యాండికూట్ అంటారే. మన మాటే. దొరలు పట్టుకుపోయారు. ఆఫీసులో పెద్ద డిక్షనరీలో చూశాను."

ఆ మాటతో నాకు గర్వం తలకెక్కింది. కొక్కు అంటేనే పెద్ద ఎలుక. పందిలా మూతితో నేల పెళ్లగిస్తుంది, పందిలా గుర్రుమంటుంది, అందుకని ముందు పంది చేరింది. మా ఇంట్లో ఈ పేరు జంతువుకన్నా మనుషులకే ఎక్కువ వాడేవాళ్లం. నాలుగోసారి అన్నం కలుపుకునే మా బావగారిని చాటుగా అలాగే అనేదాన్ని. బెల్లం డబ్బా దగ్గర దొరికినప్పుడు మా అమ్మ నన్నూ అలాగే అనేది. అలాంటి మాట సముద్రం దాటి పుస్తకంలోకి ఎక్కిందంటే, అదేదో నేనే ఓడెక్కించి పంపినట్టు అనిపించింది.

మాకు పాలు పోసే ఛత్తీస్‌గఢీ ఆవిడకి ముందు చెప్పాను. ఆవిడ చెంబు కింద పెట్టి తన భాషలో అడిగింది. "కా ఓ దీదీ, అంత పెద్ద భాషకి మీవాళ్లు ముసువానే ఇచ్చారా? ఇంకేం దొరకలేదా?" ముసువా అంటే వాళ్లలో ఎలుక. ఈవిడకి విలువ తెలియదని మనసులోనే జాలిపడ్డాను.

ఆ వారంలోనే మరమ్మతులు చూసే ఇన్‌స్పెక్టరు దొర వస్తున్నాడని కబురొచ్చింది. పట్టాల మీద కూలీలు తోసే ట్రాలీలో వస్తాడు. పాసింజరు బండి వచ్చేలోగా ట్రాలీ పట్టాల మీంచి తప్పుకోవాలి కనుక, మా వరసలోని పన్నెండు ఇళ్లకీ కలిపి అరగంట. మళ్లీ రావడం మూడు నెలలకి.

మాది మొదటి ఇల్లు. దొర వస్తున్నాడంటే ఇల్లు అలికి ముగ్గు పెట్టకుండా ఉండగలమా? ఆ గొయ్యి పరాయి మగవాడి కంట పడడం సిగ్గనిపించి, దాని మీద పీట వేశాను. సమయం చూసి తీద్దామనుకున్నాను.

దొర వచ్చాడు. తీర్చిన నేల చూసి "బహుత్ అచ్ఛా" అన్నాడు. "క్యా మాంగ్‌తా?" అని ఏం కావాలో అడిగాడు.

సిమెంటు అనాలి. వారం రోజులు ఆ ముక్కే వల్లె వేశాను. నోరు తెరిస్తే వచ్చింది ఇది. "సాహెబ్, బ్యాండికూట్ హమారా తెలుగు బాత్ హై."

దొర టోపీ తీశాడు. "సచ్?" అంటూ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇంక నన్నాపేవాళ్లెవరు? నాకొచ్చిన బజారు హిందీలో పంది చెప్పాను, కొక్కు చెప్పాను, గుర్రుమని చూపించాను. మా బావగారి భోజనం కూడా చెప్పాను. ఆయన నవ్వుతూ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. సిమెంటే రాసుకుంటున్నాడని సంబరపడ్డాను. బయట ట్రాలీవాడు కేక వేశాడు. "సాహెబ్, పాసింజర్ ఆ రహా హై!" దొర థాంక్యూ చెప్పి పరిగెత్తాడు. పీట గొయ్యి మీదే ఉండిపోయింది.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చారు. "సిమెంటు రాసుకున్నాడా?"

"రాసుకున్నాడండీ."

"ఏటి రాసుకున్నాడే, సరిగ్గా చెప్పు."

"పందికొక్కు."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అరే భగవాన్! నీకు పలక కొనడం నాదే బుద్ధి తక్కువ" అన్నారు.

పక్కింటి పిన్నిగారు అంత మెత్తగా వదల్లేదు. "మా కప్పు కారతందని చెప్పుకుందామని పొద్దున్నుంచి పట్టుచీర కట్టుకుని నిలబడ్డానే! నీ పందికొక్కు పురాణానికి పదకొండు కొంపలు బలైపోయాయి. ఓలమ్మో, చదువంటే ఇదేనేటి?"

మర్నాడు పాలావిడ వచ్చి గొయ్యి చూసింది. ఇంజన్ల షెడ్డు వెనక పారబోసే కాలిన బొగ్గు పెంకులు, పగిలిన గాజు బుడ్లు ఏరుకుని రమ్మంది. బొరియ అడుగుదాకా అవి కూరి, పైన తెలీబంధా చెరువు బంకమట్టి వేసి రోకలితో దిమ్మిస్తే, పందికొక్కు మూతికి గుచ్చుకుని వెనక్కి పోతుందిట. నాలుగు రోజులు ఇద్దరం కూరాం. ఆవిడకి ఒక్క అక్షరం రాదు, అయినా చేతికి గాజు తగలనివ్వలేదు. అక్షరాలొచ్చిన నేనే చేతులు కోసుకున్నాను.

అమ్మాయి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజున పిల్ల పది వేళ్లూ లెక్కపెట్టి, గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. అంతలో గుమ్మంలో పిన్నిగారు.

"ఏటమ్మా పండితురాలా, మీ ఇంట్లో దారి మూసేశావు. ఇప్పుడది మా బియ్యంలో కాపరం పెట్టింది."

నేను గంప తీసుకుని షెడ్డు వైపు నడిచాను. ఆవిడ ఇంట్లో బొరియ మూస్తే అది మూడో ఇంట్లో తేలింది, అక్కడ మూస్తే నాలుగో ఇంట్లో. వర్షాలు పడేలోగా వరస చివరి దాకా పెంకులు నేనే మోశాను. దారిలో ఎవరు పలకరించినా గంప బరువు చెప్పాను గానీ, ఇంగ్లీషు ఊసెత్తలేదు.