రెండు ముద్రలు పడిన ఓటు

వార్డు ఎన్నికల్లో ఎందుకు నిలబడ్డావని ఎవరైనా అడిగితే నేను మూడు కారణాలు చెప్పేవాణ్ణి. ఒకటి, ఛత్తీస్‌గఢ్‌లోని మా రిసాలి వీధుల్లో మురుగు కాలువలకు వాలు తప్పుగా ఉంది. రెండు, వార్డులో సగం తెలుగు కుటుంబాలే అయినా పార్షద్, అంటే కార్పొరేటర్ పదవికి ఒక్క తెలుగువాడూ నామినేషన్ వేయలేదు. మూడు, నేను సివిల్ డిప్లొమా చేసినవాణ్ణి, కాలువకు ఎంత వాలు ఉండాలో నాకు తెలుసు. ఈ మూడింటిలో ఒక్కటీ అబద్ధం కాదు. కానీ వాడు నామినేషన్ వేశాడని తెలిసిన సాయంత్రం వరకూ వీటిలో ఒక్కటీ నన్ను కుర్చీలోంచి లేపలేదు.

వాడు నా చిన్ననాటి స్నేహితుడు, ఛత్తీస్‌గఢీ. వాళ్ళ నాన్న నందిని సున్నపురాయి గనుల నుంచి ఉక్కు ప్లాంటుకు బదిలీ అయి మా పక్క క్వార్టరులో దిగాడు. వాళ్ళ అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఆమె డ్యూటీ నుంచి వచ్చేదాకా వాడు మా ఇంట్లోనే ఉండేవాడు, మా ఇంట్లోనే తినేవాడు.

నేను ఒకటో తరగతిలో ఉండగా మా టీచరు అమ్మను పిలిచి, పిల్లవాడు వెనకబడుతున్నాడు, ఇంట్లో కూడా హిందీలోనే మాట్లాడండి అని చెప్పింది. అమ్మ శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి పెళ్ళయి ఇక్కడికి వచ్చిన మనిషి. ఆమె హిందీ కూరగాయల బజారులో నేర్చుకున్న హిందీ. అందులో ఆడా మగా తేడా ఉండదు, నిన్నా రేపూ ఒకటే. అయినా ఆ రోజు నుంచి నాతో ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదు. డాక్టరు రాసిన మందు లాగా ఆ హిందీని పూటపూటా నాకు పోసింది. నేను కూడా ఆమెను మమ్మీ అనే పిలిచేవాణ్ణి.

వాడు మాత్రం పళ్ళెం ముందు కూర్చుని ప్రతిదాన్నీ చూపిస్తూ "అమ్మా, ఇదేటి? అదేటి?" అని అడిగేవాడు. అమ్మకు ఎక్కడ లేని సంబరం వచ్చేది. "అది సారు. ఇది గోంగూర. సెప్పు, గోం-గూ-ర." నాకు లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయి. వాడికి మా అమ్మ భాష వచ్చింది, అదీ ఆమె యాసతో సహా. చివరికి తిట్లు కూడా వాడికే దక్కాయి. "ఎర్రి గుంటడా, సేతులు కడుక్కున్నావేటి?" అని వాణ్ణి కేకలేసేది. నా వైపు తిరిగి మెల్లగా, అతిథిని అడిగినట్టు "హాథ్ ధోయా?" అనేది. నేను ఆ రెండు ప్రశ్నలనూ పక్కపక్కన పెట్టి చూసుకుంటూ పెరిగాను. తెలుగు నాకు పూర్తిగా అర్థమయ్యేది. మాట్లాడబోతే మాత్రం నోరు ముందుకు సాగేది కాదు. ఇప్పుడు ఈ నాలుగు పేజీలు తెలుగులో రాయగలుగుతున్నానంటే, తరవాత పుస్తకాలు ముందేసుకుని పట్టుదలగా నేర్చుకున్నాను కాబట్టే. ఆ పట్టుదల భాష మీద ప్రేమతో వచ్చిందని నేను చెప్పను.

రెండు పెద్ద పార్టీలూ వాడికి టికెట్ ఇవ్వలేదు. నన్నయితే ఎవరూ పిలవనే లేదు. ఇద్దరం స్వతంత్రులుగా నిలబడ్డాం. వాడికి బకెట్ గుర్తు వచ్చింది, నాకు టేబుల్ ల్యాంపు. ఓటు కాగితం మీద హిందీ అక్షర క్రమంలో వాడి పేరు నా పేరుకు సరిగ్గా పైన పడింది. ఆ సంగతి కూడా ఆ రోజే నాకు గుచ్చుకుంది.

తెలుగు ఓట్లు నావేనన్న నమ్మకంతో నేను ఒక కరపత్రం వేయించాను. ఒక వైపు హిందీ, ఒక వైపు తెలుగు. తెలుగు వైపు నేనే రాశాను. మాట తెలియని చోట హిందీ మాటనే తెలుగు అక్షరాల్లో పెట్టాను. ఓటు వేయండి అనడానికి హిందీలో రాసినట్టే "తప్పక మతదానం చేయండి" అని పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించాను.

మా వీధి చివర కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరైన తాతగారు ఒకాయన ఉన్నారు. కాగితం చేతికివ్వగానే కళ్ళజోడు పెట్టుకుని చదివారు.

"ఏటి బాబూ ఇది? మతం దానం సెయ్యమంటున్నావు. ఎవులికియ్యాలి?"

లోపల నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "ఓలమ్మో! మన దేవుళ్లని ఇచ్చీమంటున్నాడేటి ఈ కుర్రోడు?"

నేను హిందీలో వివరించడం మొదలుపెట్టాను. ఎంత వివరిస్తే వాళ్ళు అంత నవ్వారు. మర్నాడు అదే అరుగు మీద వాడు కూర్చుని ఉండగా నేను ఆ దారినే వెళ్ళాను. "ఏటి తాతా, దానం ఇచ్చీసినావేటి?" అంటున్నాడు వాడు. "అంతా ఇచ్చీకు. నాకు ఓటొకటి అట్టే పెట్టు." తాతగారు వాడి వీపు చరిచి, "నీ అసాధ్యం కూలా!" అని పగలబడి నవ్వారు. ఆ జోకు నా ప్రచారపు ఆటో కంటే ముందు వార్డంతా తిరిగింది.

అంతకంటే కష్టమైంది మధ్యాహ్న భోజనం. నాకు వ్యతిరేకంగా ఓట్లు అడుగుతూనే వాడు రోజూ మా ఇంటికే వచ్చి తినేవాడు. అమ్మ ఎదురు చూసేది. వాడి గొంతు బొంగురు పోయిందని మిరియాల చారు కాచింది. "ఆ మైకులో అలా అరవకురా. గొంతు పోతే రేపు గెలిచినా మాటాడలేవు." నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. "తుమ్ భీ పియో." నువ్వూ తాగు, అంతే. నా గొంతు కూడా బొంగురు పోయే ఉంది. వాడు అన్నం కలుపుకుంటూ, "ఏరా ల్యాంపూ, కరెంటు ఉందేటి?" అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

పోలింగు రోజున నా లెక్క పొద్దున్నే తప్పింది. పెళ్ళిళ్ళ కాలం. తెలుగు ఇళ్ళలో చాలామంది అప్పటికే దుర్గ్‌లో రైలెక్కి సొంత ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళలో మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎవరో, బి.పి. వాళ్ళు ఎవరో వాడికి తెలుసు. వాళ్ళ గుమ్మం ముందుకు ఆటో పంపాడు. నేను పోలింగ్ బూత్ బయట బల్ల వేసుకుని, ఇంటి నంబర్ల వరసలో ఓటరు చీటీలు సర్దుకుని కూర్చున్నాను. చీటీల కోసం ఎవరూ పెద్దగా రాలేదు.

మధ్యాహ్నం అమ్మ వచ్చింది. వాడి అమ్మతో కలిసి, బకెట్ బొమ్మ అంటించిన ఆటోలో వచ్చింది. వరసలో నిలబడి నాకు చెయ్యి ఊపింది. వెంటనే కొంచెం అవతల నిలబడిన వాడికీ ఊపింది. ఎవరికి ఎక్కువసేపు ఊపిందో కూడా నేను గమనించాను. ఆమె లోపలికి వెళ్ళి వచ్చేదాకా నాకు వార్డు గుర్తు లేదు, కాలువలు గుర్తు లేవు. ఒక్క ఓటు గుర్తుంది.

లెక్కింపు దుర్గ్‌లో జరిగింది. మా వీధి పెట్టె తెరిచే సరికే వాడు చాలా ముందున్నాడు. కట్టలు కట్టే బల్ల దగ్గర ఒక కాగితం పక్కకు వచ్చింది. దాని మీద రెండు ముద్రలు ఉన్నాయి. బకెట్ మీద ఒకటి ముదురుగా, ల్యాంపు మీద ఒకటి లేతగా. మడత సరిగ్గా రెండు గుర్తుల మధ్య నుంచి పోయింది.

వాడి ఏజెంటు తేలిగ్గా అన్నాడు. "కింద ఉన్నది అసలు ముద్ర కాదు సార్. తడి ఆరకుండా మడిచారు, పైది కిందికి అంటుకుంది. ఓటు బకెట్‌దే." అధికారి తల ఊపబోయాడు. అలా అంటుకున్న మరకను లెక్కలోకి తీసుకోకూడదన్నది నిబంధన.

అప్పటికే ఓడిపోయానని తెలిసి కూడా నేను ఆ కాగితాన్ని వదల్లేదు. ఓటు ముద్ర నాలుగు కొసలూ ఒకే వైపు తిరిగి ఉండే గుర్తు. మడతలో అంటుకుంటే అద్దంలో కనిపించినట్టు కొసలు ఎదురు వైపు తిరగాలి. "చూడండి సార్," అన్నాను, "రెండింట్లోనూ కొసలు ఒకే వైపు తిరిగాయి. ఇది మరక కాదు. ఓటరే చేత్తో రెండు సార్లు కొట్టారు." అధికారి కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చూసి, తిరస్కరించిన ఓట్లలో వేశాడు. ఆ రోజంతటిలో నేను గెలిచింది అదొక్కటే. వాడికి ఒక్క ఓటు తగ్గించాను. వాడు దానితో పని లేకుండానే పెద్ద తేడాతో గెలిచాడు.

సాయంత్రం ఇంటికి వచ్చాను. అమ్మ టీ పెడుతోంది. ఆ ఓటు సంగతి హిందీలోనే చెప్పాను, ఇంత కాలంగా ఓట్లు వేస్తున్నవాళ్ళకు కూడా ఒక్క ముద్ర సరిగ్గా వేయడం రాదని విసుక్కుంటూ. అమ్మ మంట తగ్గించింది.

"వో మేరా హోగా," అంది. అది నాదే అయి ఉంటుంది.

పోయినసారి మేయరుకు ఒకటి, పార్షద్‌కు ఒకటి, రెండు ఓట్లు వేయించారట. ఈసారీ రెండు ఉంటాయనుకుందట. ఇద్దరు పిల్లలకు సరిపోయాయనుకుందట.

పోలింగ్ అధికారి చెప్పలేదా, కాగితం మీద రాసి లేదా అని నేను అడగలేదు. ముద్ర మీద మొదటిసారి సిరా ముదురుగా ఉంటుంది, మళ్ళీ అద్దకుండా కొడితే రెండోది లేతగా పడుతుంది. నాకు కళ్ళ ముందు ముదురు బకెట్, లేత ల్యాంపు కనిపిస్తున్నాయి. "పహలే కిస్‌కో డాలా?" అన్నాను. ముందు ఎవరికి వేశావు?

"తుమ్‌కో," అంది వెంటనే. నీకే. అని టీ కప్పులో పోసి, ఇంకో చెంచా పంచదార వేసింది.

వీధిలో డప్పులు దగ్గరికి వచ్చాయి. వాడు మెడలో దండలతో, ఒళ్ళంతా గులాల్‌తో సరాసరి వంటింట్లోకి వచ్చి ఆమె కాళ్ళకు దండం పెట్టాడు. "ఓరి సచ్చినోడా! ఇప్పుడే తుడిసేన్రా గచ్చు! ఆ రంగంతా ఏటి?" అని అరుస్తూనే వాడి తల నిమిరింది. వాడు ఒక దండ తీసి ఆమె మెడలో వేశాడు. ఇంకొకటి నా మెడలో వేసి, "నీ కాలవల వాలు నువ్వే సూసుకోరా. నాకు తెల్దు గదా," అన్నాడు. మంచి మాటే. ఆ మంచి మాట కూడా తెలుగులో, మా అమ్మ ముందు, నా కంటే చక్కగా అన్నాడు. నేను థ్యాంక్స్ అన్నాను.

వాడు వెళ్ళాక అమ్మ గచ్చు మీది గులాల్ తుడవడానికి కూర్చుంది. దండ మెడలోనే ఉంది. నేను గుమ్మంలో నిలబడి, మనసులో రెండు మూడుసార్లు కూర్చుకుని, తెలుగులో అడిగాను.

"అమ్మా. ముందు ఎవరికి వేశావు?"

చేతిలో గుడ్డ ఆగింది. తలెత్తి నన్ను చూసింది. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందో, వాడు తిరిగి వచ్చాడో తేల్చుకుంటున్నట్టు చూసింది.

"ఆడికేరా," అంది. "ఆడు పైనున్నాడు. నువ్వు కిందున్నావు. పైనుంచి ఏసుకొచ్చేను."

అది నాకు ముందే తెలుసు. హిందీలో నన్ను బుజ్జగించిన మనిషి తెలుగులో నిజం చెప్పేసింది. ఇన్నేళ్ళూ వాడితో మాట్లాడింది ఇలాగేనన్నమాట. మెత్తబరచకుండా, చెంచా పంచదార కలపకుండా.

"ఎవరికి?" అన్నాను మళ్ళీ.

"ఆడికే అని సెప్పేను గదేటి, సెవుడా?" అని కసిరి, తడిగుడ్డ నా కాళ్ళ మీదికి విసిరింది. "నిలబడి సూస్తావేటి? ఆ మూల తుడు."

నేను కూర్చుని, వాడు తొక్కిన రంగు తుడవడం మొదలుపెట్టాను.