లతీఫ్ ఉస్తాదు కొట్టని మూడో చుక్క

లతీఫ్ ఉస్తాదు ఇక లేరన్న దుర్వార్త నా చెవిన పడిన సమయానికి నేను దుకాణంలో ఒక రైతుకు కోత మిషిను, అదే చైను రంపం, చూపిస్తున్నాను. పక్కనున్న టైర్ల దుకాణం జహంగీర్ గుమ్మంలో నిలబడి, "నర్సిం, ఉస్తాదు పోయిండే. పొద్దుగాల నమాజుకు లేవలే" అన్నాడు. చేతిలో ఉన్న మిషినును బల్లమీద పెట్టాలన్న సంగతి కూడా నాకు కొంతసేపు తోచలేదు. షాద్‌నగర్ చుట్టుపట్ల చెట్లు కోసే ప్రతి యంత్రానికీ వైద్యుడు, నా వంటి అప్రయోజకుడికి విద్యాదానం చేసిన గురుమూర్తి, ఎవరికీ శ్రమ ఇవ్వకుండా వెళ్ళిపోయారు. ఆ క్షణంలో నాకు కలిగింది దుఃఖం ఒక్కటే అని రాస్తే అబద్ధమవుతుంది. దుఃఖం కన్నా ముందు సిగ్గు కలిగింది.

నలభయ్యో రోజున వెలువరించే ఈ చిన్న సంచికకు ఉస్తాదు గురించి రాయమని మన మెకానిక్కుల సంఘం పెద్దలు నన్ను అడిగారు. "పెద్ద శిష్యునివి, నువ్వు గాకపోతే ఎవలు రాస్తరు?" అన్నారు. రెండుసార్లు తప్పించుకున్నాను. మూడోసారి, ఒక్క అక్షరం తీసెయ్యకుండా అచ్చు వేస్తామంటేనే రాస్తానన్నాను. సరేనన్నారు. ఆ మాట ఎందుకు తీసుకున్నానో చదివితే వారికే తెలుస్తుంది.

కృష్ణమీద ఆనకట్ట కడుతున్న కాలంలో ఉస్తాదు నందికొండ చేరి, అక్కడి యంత్రాల షెడ్డులో పని నేర్చుకున్నారు. తర్వాత షాద్‌నగర్ వచ్చి ఒక కట్టెల అడితి పక్కన రేకుల షెడ్డు కిరాయికి తీసుకున్నారు. ఇద్దరు మనుషులు చెరొక వైపు పట్టి లాగే పెద్ద రంపాలే అప్పటికి రాజ్యమేలుతున్నాయి. ఎనభైలలో కోత మిషిన్లు వచ్చినప్పుడు వాటిని విప్పి, మళ్ళీ బిగించే ధైర్యం ఈ చుట్టుపక్కల ఆయన ఒక్కరికే ఉండేది. పొట్టి మనిషి. జేబులో అందరూ కలం పెట్టుకుంటే ఆయన ఆకురాయి పెట్టుకునేవారు. ఎప్పుడు ఎవరి చైను మొద్దుబారి కనిపిస్తుందో అని.

ఆయన చెవి అసాధారణమైనది. ఒకనాడు రోడ్డుకు అవతల ఎవరో మిషిను నడుపుతున్నారు. ఉస్తాదు టీ గ్లాసు కింద పెట్టి, రోడ్డు దాటి వెళ్ళి, "అన్నా, జర ఆపు. గా మిషినుకు ఊపిరాడుతలేదు. గాలి జల్లెడ కడుగు" అన్నారు. అతను తెల్లబోయి, "నువ్వు మిషిను మొఖం గూడ జూడకపోతివి సాబ్, నీకెట్ల ఎరుక?" అన్నాడు. "దగ్గెటోని మొఖం జూడాల్నా?" అని ఉస్తాదు వెనక్కి వచ్చి చల్లారిన టీ తాగారు.

ఆయన చేతి మీదుగా వెళ్ళిన ప్రతి మిషినుకూ నంబరు పలక పక్కన మూడు చుక్కలు ఉండేవి. ఉక్కు పంచితో, సుత్తి తేలికగా తాకించి కొట్టేవారు. మొదటి చుక్క ఇంజను బాగుందని. రెండోది చైను బాగుందని. మూడోది బ్రేకు చూశానని. కోసేటప్పుడు మిషిను ముక్కు, అంటే చైను తిరిగే కొన, దేనికైనా తగిలితే అది ఒక్కసారిగా మనిషి మీదికి ఎగురుతుంది. ఆ క్షణంలో చైనును నిలబెట్టేది బ్రేకు ఒక్కటే. ఉస్తాదు ఇంజను ఆపి, మిషినును మోకాలి ఎత్తుకు లేపి, ముక్కును మొద్దుమీద పడనిచ్చేవారు. చేతి ముందున్న బ్రేకు పలక తనంతట తాను ముందుకు వాలాలి. ఒకసారి కాదు, పదిసార్లు. ఆ తర్వాత మూత విప్పి, లోపలి పట్టీ చైనును నిజంగా పట్టి ఆపుతోందో లేదో వేలితో చూసుకుని, అప్పుడే మూడో చుక్క కొట్టేవారు. "మొదటి రెండు మిషినుకు, మూడోది మనిషికి" అనేవారు. కోతవాళ్ళలో చదువు రానివాళ్ళు కూడా కొనేముందు బొటనవేలితో ఆ మూడు చుక్కలు తడిమి చూసుకునేవారు.

నేను చేనేత కుటుంబంలో పుట్టి, మగ్గం మీద కూర్చునే ఓపిక లేక, ఇరవై రెండేళ్ళ వయసులో ఆయన షెడ్డుకు వెళ్ళాను. ఏడేళ్ళు ఉన్నాను. శిష్యుడికి పని వచ్చిందనుకున్నాక ఉస్తాదు తన చేత్తో ఒక పంచి సానపట్టి ఇచ్చి, ఎన్ని చుక్కలు కొట్టవచ్చో చెప్పడం వారి పద్ధతి. నాకు పంచి ఇచ్చిన రోజున రెండే అన్నారు. నా ముఖం మాడిపోయింది. "చేయి మంచిగుంది బేటా. సబర్ లేదు. మూడోది తర్వాత ఇస్త" అన్నారు. సబర్ అంటే ఓపిక. నేను ఆ తర్వాత కోసం ఆగలేదు. ఆరు నెలలు తిరక్కముందే రెండు వీధుల అవతల నా దుకాణం తెరిచాను. ఆయనే వచ్చి రిబ్బను కత్తిరించారు.

తొంభైలలో చవక మిషిన్లు, మా వైపు మాటలో అగ్గువవి, దిగాయి. సముద్రం దాటి, మద్రాసు రేవులో దిగి, హైదరాబాదు బజారు మీదుగా వచ్చేవి. అసలు మిషినుకు ఏ రంగు ఉంటే దానికీ అదే రంగు. పలక మీద పేరు కూడా ఒక అక్షరం తేడాతో అదే. వీటిని కొనవచ్చా, కొనకూడదా అని ఈనాటికీ నన్ను అడుగుతారు. ఉస్తాదు చెప్పిన జవాబును మించినది నాకు తెలియదు. ఆయన వాటిని చూసి మూతి తిప్పుకునే మనిషి కాదు. ఒక రైతు వచ్చి, "గీ అగ్గువ మిషిను నడుస్తదా ఉస్తాద్?" అని అడిగితే, "ఏడాదికి ఎన్ని దినాలు కోస్తవ్?" అని ఎదురు ప్రశ్న వేశారు. "చేను గట్టుకు సర్కారు తుమ్మ మొలిచింది. పది దినాల పని" అన్నాడు రైతు. "అయితే కొను, ఫికర్ లేదు. దానితోని వచ్చిన చైను పారేసి మంచిది ఎయ్యి. బ్రేకు నాకు జూపెట్టు. దినాం కోసి బతికెటోనివైతే మాత్రం ముట్టకు" అన్నారు. వెనకనే తన పాత సామెత అందుకున్నారు: "మెహెంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్." ఖరీదైనది కొన్నవాడు ఒక్కసారే ఏడుస్తాడు, అగ్గువది కొన్నవాడు మాటిమాటికీ ఏడుస్తాడు అని.

నేనూ అవే తెచ్చి అమ్ముతున్నానని తెలిసి నా దుకాణానికి వచ్చారు. మందలిస్తారని బిగుసుకున్నాను. మిషినును అటూ ఇటూ తిప్పి చూసి, "నకలు అమ్ముడు పాపం గాదు బేటా. నకలును అసలని చెప్పుడు పాపం" అని, పాన్ వేసుకుని వెళ్ళిపోయారు. అంత తేలికగా వదిలేశారేమిటా అని నవ్వుకున్నాను కూడా. బుద్ధిహీనుడికి హితవు ఎప్పుడూ తేలికగానే వినిపిస్తుంది.

నా దుకాణంలో మిషిన్లు అమ్ముడుపోలేదు. వచ్చినవాళ్ళు నంబరు పలక పక్కన వేలితో తడిమి, "రెండే ఉన్నయేంది? మూడోది ఏది?" అనేవారు. చెప్పుకోవడానికి నా దగ్గర ఏముంది? ఒక మధ్యాహ్నం షట్టరు సగం దించి, పంచి తీసి, ఆరు నకలు మిషిన్ల మీద మూడో చుక్క కొట్టాను. మిషినుకు ఒక్క దెబ్బ. ముక్కును మొద్దుమీద వేసి చూడలేదు. మూత విప్పలేదు. చేతి ముందు పలక కదులుతోంది కదా, లోపల పట్టీ పట్టకుండా ఉంటుందా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. కొన్నవాళ్ళు ఉస్తాదు చూసి పంపించారనుకున్నారు. నేను అవుననలేదు. కాదనీ అనలేదు. నెల తిరిగేలోగా ఆరూ అమ్ముడుపోయాయి.

వాటిలో ఒకటి మర్రిగూడ యాదయ్య కొన్నాడు. ఏటా మన వైపు మామిడి తోటల్లో చెట్ల కోతకు వచ్చేవాడు. ఇంట్లో తండ్రి ఆ ఊరి ఫ్లోరైడు నీళ్ళకు నడుము వంగి మంచం పట్టాడు. కోత మీదనే ఇల్లు గడవాలి. కొన్న పదిహేను రోజులకు ఒక ముసలి మామిడిని కోస్తుంటే ముక్కు పక్క కొమ్మకు తగిలింది. మిషిను ఎగిరింది. పలక ముందుకు వాలింది కానీ చైను ఆగలేదు. ఎడమ ముంజేయి తెగింది. దవాఖానలో కుట్టారు గానీ, ఆ చేతి వేళ్ళు మళ్ళీ ముడవడం లేదు.

యాదయ్య అన్న మల్లయ్య, మరి నలుగురు కోతవాళ్ళు మిషినును సంచిలో వేసుకుని నా దగ్గరికి రాలేదు. నేరుగా ఉస్తాదు దగ్గరికి వెళ్ళారు. కబురు అంది నేనూ వెళ్ళాను. ఉస్తాదు మూత విప్పారు. లోపల పట్టీ వదులుగా వేలాడుతోంది, స్ప్రింగు చేతితో వంచితే వంగుతోంది. చుక్కల మీద బొటనవేలు పెట్టారు. ఆ పంచి సానపట్టింది ఆయనే. దాని గుర్తు ఆయనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? తల ఎత్తి నా వంక చూశారు. కోపంగా కాదు. నేను నిజం ఒప్పుకోవడానికి సరిపోయినంత సేపు చూశారు. నేను తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను.

"ఉస్తాద్, గీ చుక్క నువ్వే గొట్టినవా?" అన్నాడు మల్లయ్య. "నీ చుక్కను జూసే మా తమ్ముడు దాన్ని చేతవట్టిండు."

"మా కార్ఖానా చుక్కనే" అన్నారు ఉస్తాదు. "తప్పు నాది."

శిష్యుడి చేయి తప్పితే అది ఉస్తాదు చేయి తప్పినట్టే అని వారి పనిలో ఒక పాత కట్టుబాటు ఉంది. నేను దాన్ని ఏడేళ్ళు విన్నాను. అది శిష్యుడికి దాక్కునే చోటు కాదని ఆ రోజు నాకు తెలియకపోలేదు. తెలిసీ దాక్కున్నాను. మల్లయ్య అక్కడే నేల మీద ఉమ్మి, మిషినును వదిలేసి వెళ్ళిపోయాడు. వాళ్ళు మలుపు తిరిగాక ఉస్తాదు నా వైపు తిరిగారు. "నీ దగ్గర గిసుంటియి ఇంకెన్ని పోయినయి?" అని మాత్రం అడిగారు. అయిదన్నాను. "పోయి తే" అన్నారు. ఏవో సాకులు చెప్పి మూడు వెనక్కి తెచ్చాను.

ఆ ఏడు నుంచి షాద్‌నగర్‌లో ఒక మాట పుట్టింది. "ముసలాయనకు కండ్లు మసకవట్టినయి. బ్రేకు గూడ సూడకుండ చుక్క గొడుతుండు." పెద్ద అడితుల వాళ్ళు మిషిన్లను హైదరాబాదు పంపడం మొదలుపెట్టారు. ఉస్తాదు చుక్కలు కొట్టడం మానేశారు. రేకుల షెడ్డు ముందు కూర్చుని గొడ్డళ్ళకు, కొడవళ్ళకు సానపట్టేవారు. ఆ ముందునుంచే నేను రోజూ దుకాణానికి వెళ్ళేవాణ్ణి, నమస్కారం పెట్టేవాణ్ణి, ఆయన సలాం చెప్పేవారు. రంజాను పండుగకు ఎప్పటిలాగే పిలిచి షీర్ ఖుర్మా పెట్టారు. గిన్నె చేతికిస్తూ, "నకలును నకలనే చెప్పి అమ్ముతున్నవా?" అన్నారు. "అవును ఉస్తాద్" అన్నాను. అప్పటికి అది నిజం. "అచ్ఛా, తిను" అన్నారు. ఆ గిన్నెను ఎలా ఖాళీ చేశానో భగవంతుడికే తెలియాలి.

ఆయనను సాగనంపిన రోజున కబరస్తాన్ గోడ పక్కన నిలబడి ఉంటే, ఒక అడితి యజమాని నిట్టూర్చి, "దేవుడసుంటి మనిషి. ఆఖరికి కండ్లే మోసం జేసినయి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. మట్టి ఇంకా ఆరలేదు. నేను అప్పుడూ నోరు విప్పలేదు. ఒకే మనిషికి రెండుసార్లు ద్రోహం చేయడానికి ఎంత నిబ్బరం కావాలో, అది నాలో ఉందని ఆ రోజు తెలిసింది.

ఇది అచ్చుకు ఇచ్చేముందు మర్రిగూడ వెళ్ళాను. నేను చెప్పే మాట యాదయ్య కాగితం మీద కాదు, నా నోటనే వినాలి కదా. పొరుగు ఊరి నుంచి తెచ్చిన మంచినీళ్ళ బిందెను కుడిచేత్తో గడపలో దించుతున్నాడు. అంతా చెప్పాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఆయన మూడుసార్లు వచ్చిండు మా ఇంటికి" అన్నాడు. "ఆకురాయి పట్టుకొని వచ్చిండు. కుడిచేత్తోని చైను సానవట్టుడు నేర్పుత, దానిమీదనే బతకొచ్చు అన్నడు. నేను గడప ఎక్కనియ్యలే. ఎండల నిలవడ్డడు. తాగనీకి నీళ్ళు అడిగితే గూడ ఇయ్యలే." నా ముఖంలోకి చూశాడు. "గీ మాట ఆయన బతికున్నప్పుడు ఎందుకు జెప్పలే? ఆయనకు జర నీళ్ళన్న ఇస్తుంటి గదా."

 

ఉస్తాదు వంటి మనిషి మళ్ళీ పుట్టడు. పనిమంతులు వస్తారు, ఆయనకంటే ఎక్కువ చదివినవాళ్ళు వస్తారు. తనది కాని తప్పును మూటకట్టి తలకెత్తుకుని, దాని బరువును ఎవరికీ చెప్పకుండా మోసిన ఆ ఔదార్యం మన ఊరికి మరొకసారి దక్కదు. ఆ మహనీయుడి పాదాలకు నమస్కరించే అర్హత నాకు లేదు గనుక దూరం నుంచే తల వంచుతున్నాను. ఆయన కళ్ళు చివరి రోజు దాకా బాగానే ఉన్నాయి. మసకబట్టాయని అన్నవారందరూ ఆ మాట ఇవాళ వెనక్కి తీసుకోవాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇంకొక మాట ఉంది. ఆ ఆరింటిలో రెండు మిషిన్లు నాకు ఇప్పటికీ దొరకలేదు. చేతులు మారి ఎటు పోయాయో తెలియదు. నారింజ రంగువి. నంబరు పలక పక్కన చుక్కలు మూడూ ఉంటాయి, మూడోది మాత్రం కొంచెం పక్కకు ఒరిగి ఉంటుంది. అలాంటి మిషిను మీ ఇంట్లో ఉంటే దయచేసి నడపకండి. ఉస్తాదు పేరు మీద నమ్మి కొన్నారు, ఆయన దాన్ని చూడనే లేదు. ఆ చుక్క నేను కొట్టాను.