తప్పెవరు చెబుతారు?

"ఏడు ఎనిమిదులెంత?" అని అడిగాను. మా అమ్మాయి వేళ్ళు మడవలేదు, పైకి చూసి పెదవులు కదపలేదు. నా మొహంలోకి చూసి "యాభై ఆరు" అంది. సరైన జవాబే. అప్పుడే వంటింట్లో కుక్కర్ మూడో విజిల్ వేసింది. స్టవ్ ఆపాలని గుర్తొచ్చి నా కనుబొమలు ముడిపడ్డాయి. పిల్ల వెంటనే "కాదు కాదు, యాభై నాలుగు" అంది. నేనింకా కుక్కర్ సంగతే ఆలోచిస్తున్నాను. "అరవై మూడా అమ్మా?" అంది, ఈసారి బతిమాలుతున్నట్టు.

నాకు భయమేసింది అప్పుడే.

మేం భవానీపురంలో ఉంటాం. మావారిది ఇబ్రహీంపట్నం పవర్ స్టేషన్‌లో షిఫ్టు ఉద్యోగం. నేను ఎమ్మెస్సీ చదివాను. మూడో తరగతి అయ్యేసరికి మా అమ్మాయికి పొద్దున బడి వ్యాను హారన్ వినబడితే చాలు, కడుపునొప్పి వచ్చేది. డాక్టరుగారు చూసి కడుపులో ఏమీ లేదన్నారు. పిల్లలిద్దరినీ ఇంట్లోనే చదివిస్తానన్నాను. మావారు ఒకే షరతు పెట్టారు. మార్చిలో ఒక స్కూల్లో ఐదో తరగతి ప్రవేశ పరీక్ష రాయించాలి. పాసైతే నా ఇష్టం. తప్పితే అమ్మాయీ, ఆరేళ్ళ తమ్ముడూ ఇద్దరూ మళ్ళీ వ్యాను ఎక్కాల్సిందే. ధైర్యంగా ఒప్పుకున్నాను.

జూన్‌లో లాంగ్ నోట్‌బుక్ కొని సిలబస్ రాసుకున్నాను. వారానికో పేజీ, సబ్జెక్టుకో రంగు, శనివారం ఎదురుగా కూర్చోబెట్టుకుని స్లిప్ టెస్టు. అంతా అయ్యాక చూసుకుంటే నేను ఇంటర్ చదివిన రెసిడెన్షియల్ కాలేజీ టైమ్‌టేబులే అందులో సగం దిగింది. ఫర్వాలేదు, నేను దాంతోనే పైకొచ్చాను కదా అనుకున్నాను. పిల్లలకు మార్కులు బాగా వస్తున్నాయి. అమ్మాయికి ఇరవైకి పద్దెనిమిది కన్నా తగ్గలేదు. ఆ పద్దెనిమిదిలో ఎన్ని నా మొహంలోంచి వచ్చినవో కుక్కర్ విజిల్ వేసేదాకా నాకు తెలియలేదు. పరీక్ష హాల్లో నేనుండను. ఆ మాటకొస్తే మార్చి తర్వాత కూడా, పిల్ల వెళ్ళే చాలా చోట్ల నేనుండను.

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా అత్తయ్య దగ్గర కూర్చుని చెప్పాను. ఆవిడ ముప్పై ఏళ్ళుగా సండే స్కూల్లో పిల్లలకు బైబిలు వాక్యాలు నేర్పుతున్నారు.

"ఇప్పుడు తెలిసిందా నీకు?" అన్నారు. "టీచరూ నువ్వే, హెడ్మాస్టరూ నువ్వే, పేపర్లు దిద్దేదీ నువ్వే. అన్నం పెట్టేదీ నువ్వే. నీ మొహం చూడక ఆ పిల్ల ఇంకెవరి మొహం చూస్తదమ్మా?"

"మీ సండే స్కూల్లో పిల్లలు చూడరా అత్తయ్యా?"

"ఎందుకు చూడరు? నాకు వాళ్ళు గంటసేపే దొరుకుతారు. నీకు రోజంతా దొరికారు."

మర్నాడు నేను గోడవైపు తిరిగి కూర్చుని పాఠం అడిగాను. మా వాడు పరిగెత్తుకెళ్ళి "నాన్నా, అమ్మ అలిగింది" అని చెప్పొచ్చాడు. నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్న మనిషి లేచి వచ్చి, "ఏమైందోయ్?" అంటూ నన్నూ గోడనూ మార్చి మార్చి చూశారు. అన్ని తంటాలు పడ్డా అమ్మాయి జవాబులు మళ్ళీ సరిగ్గానే వస్తున్నాయి. ఎలాగమ్మా అని అడిగితే దాపరికం లేకుండా చెప్పింది.

"తప్పయితే నువ్వు ఎర్ర పెన్ను క్యాప్ తీస్తావుగా. టిక్‌మని వినపడుద్ది. వినపడకపోతే కరెక్టన్నట్టు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిల్ల మొద్దు కాదు, అది మాత్రం తేలిపోయింది. ఇంత చురుకైన బుర్రను నేను నా మీద ఖర్చు పెట్టిస్తున్నాను.

ఆ వారమే క్రిస్మస్ బట్టల కోసం అత్తయ్యతో కలిసి మంగళగిరి వెళ్ళాం. ఆవిడకు బాగా తెలిసిన నేతవాళ్ళ ఇల్లు. పెద్దవాళ్ళం చీరలు చూస్తుంటే, ఆ ఇంటావిడ రాట్నం ముందు కూర్చుని, మగ్గంలో పెట్టే కండెలనే చిన్న గొట్టాలకు నూలు చుడుతోంది. మా అమ్మాయి నేనూ చుడతానంది. ఆవిడ పక్కకు జరిగి చోటిచ్చింది. పిల్ల ఒక కండె చుట్టి, అలవాటు ప్రకారం ఆవిడ మొహంలోకి చూసి "బాగుందా ఆంటీ?" అంది.

ఆవిడ చూపు ఫోన్లోని సీరియల్ మీదే ఉంది. "నన్నడుగుతావేంటే? దారం లాగి చూడు."

లాగింది. రెండు బారలు వచ్చి చిక్కు పడిపోయింది. పిల్ల ఆవిడ వైపు చూసింది. ఆవిడ తలెత్తలేదు. నా వైపు చూసింది. నేను చీర అంచు చూస్తున్నట్టు నటించాను. ఇక లాభం లేదనుకుందేమో, చిక్కు విప్పుకుని మళ్ళీ చుట్టింది. మళ్ళీ లాగింది. మూడోసారి చుట్టేటప్పుడు నాలుక కొస బయటపెట్టి, నూలు పట్టుకున్న రెండు వేళ్ళనే చూసుకుంటోంది. ఆ కండె చివరిదాకా సాఫీగా వచ్చింది. మా అమ్మాయి ఎవరి మొహమూ చూడలేదు. తనలో తనే "ఆఁ" అనుకుని ఇంకో కండె అందుకుంది.

"అత్తయ్యా, ఇంకో పది నిమిషాలుందాం" అన్నాను. గంటన్నర ఉన్నాం.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక లాంగ్ నోట్‌బుక్ తీసి, కొత్త పేజీలో ప్రతి పాఠం పక్కనా ఒక గడి గీశాను. దాని పైన 'తప్పెవరు చెబుతారు?' అని రాశాను. ఆ గడిలో 'నేను' అని రాయకూడదన్నది నా నియమం. ఈ నియమం పెట్టుకున్నాక గాని సిలబస్ వేయడం ఎంత కష్టమో తెలియలేదు. మొదటి అరగంటలో ఒక్క గడీ నిండలేదు. ఆ తర్వాత దారి దొరికింది. తెలుగు రాతకు, పిల్లలు వంట కొలతలు రాసి నానమ్మకిస్తారు, ఆవిడ అందులో ఉన్నది ఉన్నట్టు వండాలి. అత్తయ్యను అడిగితే, "ఉప్పు రాయకపోతే నేను వెయ్యను. మీ ఆయనతో సహా అందరూ నోరు మూసుకుని తినాలి మరి" అని ఒప్పుకున్నారు. కొలతలకు, బొమ్మకు గౌను కత్తిరించి తొడిగి చూడటం. ఎక్కాలు మాత్రం మానిపించలేదు, నోటికి రావలసిందే. కాకపోతే తమ్ముడితో చింతపిక్కలు పంచుకుంటూ చెప్పుకుంటారు. వాటా తగ్గితే మా వాడు ఊరుకునే రకం కాదు. చరిత్ర దగ్గర నా తెలివి ఆగిపోయింది. ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

సెకండ్ షిఫ్టు ముగించుకొచ్చిన మావారు నిలబడే ఆ పేజీ చదివారు.

"స్లిప్ టెస్టు ఏదీ?"

"తీసేశానండీ."

"మరి మార్చి పరీక్ష?"

"రాస్తుంది."

"పాసవుద్దంటావా?"

"అది చెప్పలేను. తను రాసింది తప్పో కాదో తనే ఇంకోసారి చూసుకుంటుంది. ఆ మాట మాత్రం మీకివ్వగలను."

ఆయన పేజీ ఇంకోసారి చదివి, "ఉప్పు లేని కూర ఏ రోజో ముందే చెప్పు. క్యాంటీన్లో తినొస్తా" అన్నారు. అంతకు మించి ఒప్పుదల నాకక్కర్లేదు.

పొద్దున్నే పిల్లలిద్దరినీ డాబా మీదకు తీసుకెళ్ళాను. చేతిలో ఎర్ర పెన్ను లేదు. బకెట్టూ, మావారి పాత వాచీ ఉన్నాయి.

"ఈ ట్యాంకు ఖాళీ అయిపోయింది. మోటారు వేస్తే ఎన్ని నిమిషాల్లో నిండుద్దో మీరిద్దరూ లెక్కకట్టి ముందే నాకు చెప్పాలి. ట్యాంకులో ఎన్ని బకెట్లు పడతాయో, మోటారు పైపు కింద బకెట్టు నిండటానికి ఎంతసేపు పడుతుందో మీరే చూసుకోండి."

అమ్మాయి నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎంత చూసినా లాభం లేదమ్మా" అన్నాను. "నాకు నిజంగానే తెలియదు. నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. వాచీ తమ్ముడికిచ్చి, నువ్వు బకెట్టు పట్టుకో."