నైలు ఒడ్డున తప్పిపోయిన గంట

మొన్న మా అమ్మాయి బీరువా సర్దుతూ నా పాస్‌పోర్టు బయటికి తీసి, దీని గడువు ఈ నెలతో అయిపోతోంది, మళ్ళీ చేయించాలా అని అడిగింది. ఇంక నేనెక్కడికి పోతానే అని నవ్వేశాను గానీ, అందులోని రెండు మూడు ముద్రలు కంటపడేసరికి గుండెలో పాత దడ ఒకటి మళ్ళీ మొదలై, మధ్యాహ్నం దాకా నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

నేను బోధన్‌లో ఆడపిల్లల బడిలో సోషల్ టీచరుగా ఇరవై రెండేళ్ళు పనిచేశాను. సైన్స్ చెప్పే టీచరమ్మ నాకన్నా రెండేళ్ళు పెద్దది, నాలాగే రోజూ నిజామాబాద్ నుంచి వచ్చేది. మాది బాల్కొండ వైపు పసుపు పండించే ఇల్లు, వాళ్ళది ఆదివారం చర్చి తప్పని క్రైస్తవ కుటుంబం. బస్టాండుకు ఎవరు ముందొస్తే వాళ్ళు రెండోవాళ్ళ కోసం సీటు మీద దస్తీ వేసి ఆపేవాళ్ళం. చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో చెరుకు బండ్ల వెనక మా బస్సు ఆగి ఆగి పోతుంటే తక్కినవాళ్ళంతా విసుక్కునేవారు, మాకు మాత్రం ముచ్చట్లకు ఇంకో పావుగంట దొరికిందని సంతోషంగా ఉండేది. ఏటేటా బోర్డు మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నైలు నది గీత గీస్తూ, గోదావరి తప్ప మరో పెద్ద నదిని చూడకుండానే ఈ పాఠం చెబుతున్నానే అని నాకు లోలోపల సిగ్గుగా ఉండేది. ఆమెకేమో బైబిల్లో చదివిన యొర్దాను నదిలో ఒక్కసారి కాళ్ళు తడుపుకోవాలని. రెండూ కలిసే చూద్దామని ఆ బస్సులోనే అనుకున్నాం. తరవాత వాళ్ళ పిల్లల చదువులు, పక్షవాతంతో మంచాన పడిన మా అత్తగారు, ఇలా ఒకదాని వెనక ఒకటి అడ్డం పడి, చివరికి ఇద్దరం రిటైరయ్యాక గానీ ఆ ప్రయాణం కుదరలేదు. వాళ్ళ చర్చివాళ్ళు ఆ రెండు నదులున్న దేశాలకూ కలిపి యాత్ర కట్టినప్పుడు నన్నూ తమతో రమ్మన్నారు.

అప్పటికి ఆమె షుగరుకు ఇన్సులిన్ సూదులు వేసుకుంటోంది. వేళకు తింటే భయం లేదని డాక్టరు చెప్పినా, వాళ్ళ ఆయన నన్ను పక్కకు పిలిచి, టైముకు తినిపించే పూచీ నీదేనమ్మా అన్నారు. సరేనన్నాను. ఆ మాట అన్నప్పటి నుంచి నా నిద్ర పోయింది. విమానంలో భోజనం బండి ఆలస్యమైతే భయం, ఆమె కాస్త కునుకు తీస్తే భయం, లేపి చెయ్యి పట్టుకుని చూసేదాన్ని. ఆమె మాత్రం పిల్లలా కిటికీలోంచి మబ్బులు చూస్తూ కూర్చుంది.

కైరోలో మర్నాడు పొద్దున సూది వేసుకుని నాలుగు ముద్దలు తిన్నదో లేదో, బస్సు వచ్చిందని తొందర పెట్టారు. ట్రాఫిక్‌లో ఇరుక్కుని నది దగ్గరికి చేరేసరికి మధ్యాహ్న భోజనం వేళ దాటింది. నా ఫోనుతో ఫొటో తీస్తానని తన చేతిసంచి నా భుజానికి తగిలించి, నన్ను గట్టు దగ్గర నిలబెట్టింది. తీశాక ఫోను నా చేతికిచ్చి, నీళ్ళ సీసా తెస్తానని ఏదో అన్నట్టు గుర్తు. నేను నదిని చూస్తున్నాను. అంత వెడల్పు నీళ్ళు, అంత నిదానంగా, నేను ముప్పై చాక్‌పీసులు అరగదీసి గీసిన గీత అదేనా అని ఒళ్ళు మరిచి చూస్తున్నాను. వెనక్కి తిరిగేసరికి ఆమె లేదు.

ఆమె ఫోనుకు చేశాను. నా భుజానికున్న సంచిలోనే మోగింది. గ్లూకోజు బిస్కట్లూ, మందుల చీటీ, హోటలు కార్డూ అన్నీ అందులోనే ఉన్నాయి. బస్సును అక్కడ ఎక్కువసేపు ఆపనివ్వరని గైడు అంటున్నాడు, పాస్టరుగారు తలో దిక్కూ వెతుకుదామన్నారు. నేను అప్పటికే పరుగు మొదలుపెట్టాను. ఎన్నడూ పరుగెత్తని మనిషిని, ఆగని కార్ల మధ్య నుంచి రోడ్డు ఎలా దాటానో తెలియదు. ఎవరిని అడగాలన్నా భాష రాదు. వాళ్ళ ఆయనకు ఏం చెప్పాలన్న మాట ఒక్కటే తలలో గింగిరాలు కొట్టింది. రెండు సందులు తిరిగాను, మళ్ళీ మొదటి సందుకే వచ్చాను. గంట గడిచిందని తరవాత చెప్పారు.

ఒక మూల మలుపులో చెరుకు గడలు గోడకు నిలబెట్టి ఉన్న రసం దుకాణం కనబడింది. లోపల స్టూలు మీద ఆమె, చెమటతో తడిసిన జాకెట్టు, రెండు చేతులా పట్టుకున్న గాజు గ్లాసు. పక్కన దుకాణమాయన అట్టముక్కతో విసురుతున్నాడు. పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

“కండ్లు తిరిగినయ్ చెల్లె. శక్కర్ శక్కర్ అన్న. గా మాట ఆయనకు సమజైంది” అంది నీరసంగా.

అరబ్బీలోనూ చక్కెరకు దాదాపు అదే మాటట. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చి, చెప్పకుండా ఎందుకొచ్చినవని కసిరాను. ఆమె గ్లాసు కింద పెట్టి నా కొంగుతో నా మొహమే తుడిచి అడిగింది:

“నది మంచిగ సూసినవా? సగంల రాలేదు గద?”

చూసిన్నక్కా అన్నాను. దుకాణమాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని మమ్మల్ని సాగనంపాడు. తక్కిన యాత్రంతా నేను ఆమె కొంగు వదల్లేదు. యొర్దానులో ఆమె కాళ్ళు తడుపుకుంటున్నప్పుడు కూడా ఆ నదిని కాక, ఆమె పెదవుల రంగునే చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడు బోధన్ ఫ్యాక్టరీలో పొగ లేదు, చెరుకు బండ్ల వెనక ఆగే బస్సులూ లేవు. ఆమెకు చూపు మందగించింది, కోడలు సూది వేస్తోంది. నాకు మోకాళ్ళ నొప్పులు. ఇద్దరం నిజామాబాద్‌లోనే ఉన్నాం, ఆటోలో పది నిమిషాల దూరం. ఫోనులో మాట్లాడుకుంటాం, తిన్నావా అంటే తిన్నానంటుంది, నమ్మి పెట్టేస్తాను. భాష తెలియని ఊళ్ళో గంటసేపు ఆమె కనబడకపోతే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తిన మనిషిని, ఇప్పుడు నెలల తరబడి ఆమె మొహం చూడకుండా ఎలా ఉండగలుగుతున్నానో నాకే అర్థం కాదు.